శాతం సరే, ఎంతమందిలో?

ప్రశ్న: నేను వాడే మాత్రతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. మానేయాలా?

జవాబు: మీ అంతట మీరు మానకండి, డాక్టర్ని అడగండి. ఈలోగా ఆ మెసేజ్‌లో లేని అంకె కోసం వెతకండి. ఎంతకి రెట్టింపు?

1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఇదే జరిగింది. కొత్తరకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అని అక్కడి మందుల భద్రతా కమిటీ హెచ్చరించింది. అబద్ధం కాదు. కాకపోతే పాతరకం వాడే 7,000 మందిలో ఒకరికి వచ్చేది, కొత్తవాటితో ఇద్దరికి వస్తోంది. ఆ సంగతి జనానికి చేరలేదు. భయంతో చాలామంది మాత్రలు ఆపేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు సుమారు 13,000 పెరిగాయి. పైగా గర్భంతో రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలతో వచ్చేదానికంటే ఎక్కువ! నిజమైన అంకే సగం చెబితే ఇంత కీడు చేస్తుంది.

అందుకే శాతం కనిపించగానే కాగితం మీద రెండు అంకెలు రాయండి: 10,000 మందిలో ముందు ఎందరు, ఇప్పుడు ఎందరు. "50 శాతం పెరిగింది" అంటే ఇద్దరు ముగ్గురయ్యారో, 2,000 మంది 3,000 అయ్యారో అప్పుడు తేలుతుంది. మొదటి అంకె ఎక్కడా దొరక్కపోతే ఆ మెసేజ్ ఇంకొకరికి పంపకండి. వడ్డీ 4 నుంచి 6 శాతానికి పెరిగినప్పుడు కూడా ఇదే తికమక. 6లోంచి 4 తీస్తే పెరిగింది 2 శాతం పాయింట్లు, పాత 4తో పోలిస్తే 50 శాతం. ఎవరికి ఏది లాభమో వాళ్లు అదే చెబుతారు.

ప్రశ్న: ప్రకటనలోని గ్రాఫ్‌లో ఒక కంపెనీ కడ్డీ రెండోదానికి రెట్టింపు ఎత్తుంది. నమ్మొచ్చా?

జవాబు: ఎడమవైపు నిలువు గీత అడుగున ఏ అంకె ఉందో చూడండి. అది సున్నా కాకుండా 80 అయితే, 84 తెచ్చుకున్న కంపెనీకి 4 గళ్ల ఎత్తు, 88 తెచ్చుకున్నదానికి 8 గళ్లు వస్తాయి. కంటికి రెట్టింపు, నిజంగా తేడా 5 శాతం కూడా లేదు. స్కేలు పెట్టి కొలవండి. కడ్డీల పొడవుల నిష్పత్తి, పైన రాసిన అంకెల నిష్పత్తి కలవాలి. గీత గ్రాఫ్‌కి మాత్రం ఈ పట్టింపు అక్కర్లేదు. జ్వరం చార్టు సున్నా నుంచి గీస్తే 99కి, 103కి తేడాయే కనబడదు.

ప్రశ్న: వరద ఫొటో ఒకటి నిన్నటిదేనంటూ తిరుగుతోంది. పాతదేమో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: స్క్రీన్‌షాట్ తీసి, మీద రాసిన అక్షరాలు పోయేలా కత్తిరించి, ఫొటోతోనే ఫొటోని వెతికే గూగుల్ లెన్స్‌లో వెతకండి. నిన్నటికంటే ముందు తేదీతో అదే ఫొటో ఎక్కడైనా ఉంటే అది పాతదే. ఏమీ దొరకలేదంటే మాత్రం నిజమని తేలినట్టు కాదు.