మొదటి ట్యూనప్‌కు ఏ ప్లగ్గులు, ఏ కాయిల్స్ కొనాలి: విశాఖలో ఆడి టీటీ నడిపేవారికి ఒక జవాబు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండో తరం ఆడి టీటీ, అందులో 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ అనే టర్బో పెట్రోల్ ఇంజన్, మూడో గేరులో గట్టిగా తొక్కినప్పుడు అప్పుడప్పుడు మిస్సింగ్ (ఏదో ఒక సిలిండరులో మంట అంటుకోక ఇంజను కుదుపివ్వడం) వస్తోందనీ, వానలు మొదలయ్యాక అది మరింత ఎక్కువైందనీ రాశారు. మొదటిసారిగా మీ చేత్తోనే ట్యూనప్ చేసుకోవాలనుకుంటూ, ఇరిడియం ప్లగ్గులు కొనాలా, ఆడి ఆర్8 కారుకు వచ్చే ఎర్ర మూత కాయిల్స్ (ప్లగ్గులకు అధిక వోల్టేజి అందించేవి) నాలుగూ తెప్పించాలా అని అడిగారు. ఇదే కుటుంబానికి చెందిన ఇంజన్ ఉన్న కారును నేను లాసన్స్ బే కాలనీలో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఉంచి చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. ఇగ్నిషన్ పనులన్నీ ఇంటి దగ్గరే చేసుకుంటాను. అందుకే నేను ముందుగా చెప్పేది ఇది: ఇప్పుడే ఏదీ ఆర్డర్ పెట్టకండి. ఉన్న ప్లగ్గులను బయటికి తీసి చూడండి, కాయిల్స్ కింద ఉండే రబ్బరు బూట్ల లోపలికి టార్చి వేసి చూడండి. ఏది కొనాలో, ఏది కొనక్కర్లేదో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరుస తప్పకుండా ఒక అట్టముక్క మీద పెట్టి, పగటి వెలుతురులో పరిశీలించండి. కొన దగ్గరి పింగాణీ లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే మంట సవ్యంగా ఉన్నట్టే. పొడిగా నల్లటి మసి పట్టి ఉంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువవుతోందని కావచ్చు, లేదా ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా వెళ్లి ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే చిన్న ప్రయాణాల ఫలితం కావచ్చు. నూనె తడి కనిపిస్తే లోపం ప్లగ్గుది కాదు. రింగుల నుంచో వాల్వ్ సీళ్ల నుంచో ఇంజన్ ఆయిల్ సిలిండరులోకి వస్తోంది, కొత్త ప్లగ్గు కూడా కొన్నాళ్లకు అలాగే తయారవుతుంది. పింగాణీ పాలిపోయి పొక్కులెత్తి, ఎలక్ట్రోడు అంచులు కరిగినట్టుంటే మాత్రం కారును గట్టిగా తొక్కడం ఆపి, కారణం తేలాకే ముందుకు వెళ్లండి. నాలుగూ ఒకేలా ఉండటం ఒక సంగతి, మూడు బాగుండి ఒక్కటే తేడాగా ఉండటం మరొక సంగతి. రెండో సందర్భంలో వెతకాల్సినది ఆ ఒక్క సిలిండరులోనే. ఇంకొక్క విషయం: పింగాణీ లోహపు షెల్‌లోంచి బయటికి వచ్చే చోట గోధుమ రంగు పట్టీ ఒకటి కనిపిస్తే గ్యాస్ లీకవుతోందని చాలామంది ప్లగ్గు పారేస్తారు. అది అధిక వోల్టేజి వల్ల చుట్టూ ఉన్న నూనె ఆవిరి కణాలు అతుక్కుని ఏర్పడే మరక. దానివల్ల ఏ హానీ లేదు.

వానల్లో మిస్సింగ్ పెరుగుతోందన్న మీ మాటను బట్టి నా మొదటి అనుమానం ప్లగ్గు మీద కాదు, కాయిల్ మీద కాదు, ఆ రెండింటినీ కలిపే బూటు మీద. ఒక తుపాను సీజనులో నా కారుకూ ఇదే వచ్చింది. నగరంలోని ఒక వర్క్‌షాపులో నాలుగు కాయిల్సూ మార్చేయాలన్నారు. కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి నేను చూస్తే పీ0302 అనే కోడ్ ఉంది, అంటే రెండో సిలిండరులో మిస్‌ఫైర్. రెండో కాయిల్‌ను నాలుగో దాని చోట, నాలుగో దాన్ని రెండో దాని చోట పెట్టి, కోడ్ చెరిపేసి, భీమిలి రోడ్డు మీద ఒకసారి గట్టిగా నడిపి వచ్చాను. ఈసారి పీ0304 వచ్చింది. లోపం కాయిల్‌తో పాటే నాలుగో సిలిండరుకు వెళ్లింది కాబట్టి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరునూ, సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి అయిన కంప్రెషన్‌నూ అనుమానించాల్సిన అవసరం లేకపోయింది. బూటు లోపల చూస్తే పెన్సిలుతో గీసినంత సన్నటి నల్లగీత నిలువుగా కనిపించింది; రెండో ప్లగ్గు పింగాణీ మీద సరిగ్గా దానికి ఎదురుగా అలాంటిదే ఇంకో గీత ఉంది. ఆ ఒక్క కాయిల్, ఆ ప్లగ్గు మార్చి, కనెక్టరు పిన్నుల మీద పేరుకున్న పచ్చటి చిలుమును కాంటాక్ట్ క్లీనరుతో శుభ్రం చేస్తే మిస్సింగ్ పూర్తిగా పోయింది. మిగతా మూడు కాయిల్సూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

ఆ గీత ఎలా ఏర్పడుతుందో తెలిస్తే ఏ భాగం ఎందుకు కొంటున్నారో మీకే స్పష్టమవుతుంది. టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు సిలిండరులోని గాలి చిక్కబడుతుంది, దాన్ని దాటి స్పార్క్ దూకడానికి మరింత వోల్టేజి కావాలి. ప్లగ్గు అరిగి గ్యాప్, అంటే స్పార్క్ దూకే రెండు ఎలక్ట్రోడుల మధ్య ఎడం, పెరిగితే ఆ అవసరం ఇంకా పెరుగుతుంది. అదే సమయంలో బూటు లోపల ఉప్పు తేమ పొర ఉంటే, విద్యుత్తు గ్యాప్ దాటడం మానేసి, పింగాణీ వెంట జారి లోహపు షెల్‌కు చేరుతుంది. ఒకసారి అలా దారి పడితే అక్కడ మిగిలిన కార్బన్ తర్వాత ప్రతిసారీ ఆ దారినే సులువు చేస్తుంది. కాబట్టి గీత పడిన బూటులో కొత్త ప్లగ్గు పెట్టినా, గీత పడిన ప్లగ్గు మీద కొత్త బూటు తొడిగినా లోపం తిరిగి వస్తుంది. రెండూ కలిపే మార్చాలి. హైదరాబాదులో ఉండే మిత్రులు ఈ బెడదను నా అంతగా చూడలేదు. బీచ్ రోడ్డు పొడవునా, జాలరిపేట నుంచి రుషికొండ దాకా కారు బయట నిలిపేవారు దీన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఇక ప్లగ్గుల ఎంపిక. ఇరిడియమా ప్లాటినమా అన్నది చివర అడగాల్సిన ప్రశ్న. మొదట చూడాల్సినది హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన కొనలోని వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పే కొలత. పని చేస్తున్నప్పుడు ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే మసి కాలిపోక పేరుకుంటుంది; సుమారు 850 డిగ్రీలు దాటితే స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని అదే అంటించేస్తుంది. ఈ రెండు హద్దుల మధ్య కొనను నిలపడానికే తయారీదారు ఒక నంబరు నిర్ణయిస్తాడు. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో ఒక్క నంబరు మారితే కొన ఉష్ణోగ్రత దాదాపు 70 నుంచి 100 డిగ్రీలు మారుతుంది. మీ ఇంజను ట్యూన్ మార్చకుండా కంపెనీ ఇచ్చినట్టే ఉంటే, స్పోర్ట్స్ కారు కదా అని ఒక మెట్టు చల్లటి ప్లగ్గు పెట్టకండి. మద్దిలపాలెం సిగ్నళ్ల దగ్గర ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో అది మసి పట్టడానికే పనికొస్తుంది. ఈసీయూ (ఇంజనును నియంత్రించే కంప్యూటరు) రీమ్యాప్ చేయించి, అంటే అందులోని సాఫ్ట్‌వేర్ మార్పించి, బూస్ట్ అనే టర్బో ఒత్తిడి పెంచినవారికి చల్లటి ప్లగ్గు అవసరం కావచ్చు, అది ట్యూన్ చేసినవారు చెప్పాల్సిన మాట.

ఇక్కడే కొత్తవారు తరచుగా మోసపోయే చిక్కు ఒకటుంది. ఎన్‌జీకే, డెన్సో కంపెనీలలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లబడుతుంది. బాష్, ఛాంపియన్ కంపెనీలలో నంబరు పెరిగేకొద్దీ వేడెక్కుతుంది. ఎన్‌జీకే 7 కు డెన్సోలో దగ్గరిది 22. బాష్‌లో దగ్గరిది 6. షాపులో ‘ఏడో నంబరు ప్లగ్గు’ అని మాత్రమే అడిగి బాష్ తీసుకుంటే, ఎన్‌జీకే 6 తో సమానమైన, అంటే మీ టర్బో ఇంజనుకు కావలసిన దానికన్నా ఒక మెట్టు వేడి ప్లగ్గు చేతికి వస్తుంది. నంబరు ఒక్కటే చెప్పకుండా పూర్తి పార్ట్ కోడ్ చెప్పి కొనండి. ఈ ఇంజన్లలో ఎక్కువగా వాడే ఎన్‌జీకే ప్లగ్గు కోడ్ పీఎఫ్‌ఆర్7ఎస్8ఈజీ. అందులో పీ అంటే ప్లాటినం, ఆర్ అంటే రెసిస్టరు, 7 అంటే హీట్ రేంజ్, 8 అంటే 0.8 మిల్లీమీటర్ల గ్యాప్. అయినా మీ కారు ఛాసిస్ నంబరుతో ఒకసారి సరిచూసుకున్నాకే కొనండి, ఎందుకంటే టీటీలో ఇంజన్ రకాలు ఒకటికి మించి ఉన్నాయి. రెసిస్టరు లేని ప్లగ్గును ఏ కారణంతోనూ తీసుకోవద్దు. అది పుట్టించే విద్యుత్ రొద ఈసీయూ సంకేతాలకే అడ్డు తగులుతుంది.

కోడ్ సరిపోయాక లోహం సంగతి. ప్లాటినం 1,768 డిగ్రీల వద్ద, ఇరిడియం 2,446 డిగ్రీల వద్ద కరుగుతాయి. అంత గట్టి లోహం కాబట్టి ఇరిడియం కొనను 0.6 మిల్లీమీటర్ల సన్నదనానికి, కొన్నిటిలో 0.4 దాకా కూడా తీసుకురాగలుగుతారు. సన్నటి కొన నుంచి తక్కువ వోల్టేజితోనే స్పార్క్ దూకుతుంది, అరుగుదలా నెమ్మదిగా ఉంటుంది. అది నిజమైన లాభమే. కానీ హీట్ రేంజ్, గ్యాప్, మర పొడవు సరిగ్గా అవే ఉన్న ఇరిడియం దొరికితేనే తీసుకోండి. లేకపోతే కంపెనీ సూచించిన ప్లాటినమే మేలు. మామూలు నికెల్ ప్లగ్గు కూడా ఇంజనును చక్కగానే నడుపుతుంది, కాకపోతే త్వరగా అరుగుతుంది. అరిగిన గ్యాప్ భారమంతా కాయిల్ మీద పడుతుంది కాబట్టి అక్కడ మిగిల్చిన డబ్బు చివరికి మిగలదు.

ఎర్ర కాయిల్స్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇప్పుడున్న కాయిల్ ప్రతిసారీ మిశ్రమాన్ని అంటించగలుగుతుంటే, దానికన్నా బలమైన కాయిల్ వల్ల పవర్ పెరగదు. కాయిల్‌కు ఎంతసేపు కరెంటు ఇవ్వాలో నిర్ణయించేది ఈసీయూ, కాయిల్ రంగు కాదు. పాతవాటిలో ఒకటి చెడిపోయి, మిగతావీ దాని వయసువే అయితే నాలుగూ కలిపి మార్చడంలో అర్థం ఉంది. మిస్సింగ్ ఎక్కడుందో తేలకుండా నాలుగు కొనడంలో లేదు. ఆ డబ్బులో ఒక భాగంతో మంచి టార్క్ రెంచ్, లోపల అయస్కాంతమో రబ్బరో ఉన్న 16 ఎంఎం ప్లగ్గు సాకెట్టు, కోడ్ చదివే చిన్న ఓబీడీ స్కానర్ కొనుక్కోండి. అవి ఈ కారుతో ఆగిపోవు.

గాజువాక ఆటోనగర్‌లో విడిభాగాలు కొనేవారు నకిలీ ప్లగ్గుల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఆన్‌లైన్‌లో చాలా చవకగా కనిపించే వాటి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అసలు ప్లగ్గు మీది వాషర్ వదులుగా తిరిగినా మర మీద నుంచి ఊడిరాదు; నకిలీ వాటిలో తరచుగా చేతికి వచ్చేస్తుంది. పింగాణీ మీది అక్షరాలు గోటితో గీకితే చెదరకూడదు, మర అంచులు నున్నగా ఉండాలి, పై ఎలక్ట్రోడు సరిగ్గా మధ్య కొనకు ఎదురుగా ఉండాలి. నాలుగు పెట్టెల్లో నాలుగు రకాల గ్యాప్ కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

బిగింపులో తొందర పనికిరాదు. కాయిల్స్‌ను ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే రబ్బరు పట్టు విడుస్తుంది, కానీ ప్లగ్గులను మాత్రం హెడ్ పూర్తిగా చల్లబడ్డాకే తిప్పండి. వేడి అల్యూమినియం మరలు తేలిగ్గా దెబ్బతింటాయి. ప్లగ్గు విప్పేముందు ఆ గుంతలోని దుమ్మును గాలితో ఊదేయాలి, లేకపోతే అది నేరుగా సిలిండరులో పడుతుంది. ఎండకూ వేడికీ పెళుసెక్కిన కనెక్టరు క్లిప్పులను బలంగా లాగకండి. కొత్త ప్లగ్గు గ్యాప్‌ను తీగ గేజితో చూడండి. నాణెంలాంటి గేజిని గ్యాప్‌లో జొనిపి తిప్పితే సన్నటి కొన విరుగుతుంది. ప్లగ్గును చిన్న రబ్బరు గొట్టంలో గుచ్చి చేత్తోనే మర ఎక్కించి, ఆ తర్వాతే టార్క్ రెంచ్ వాడండి. 14 ఎంఎం మర, వాషర్ ఉన్న ప్లగ్గుకు అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు సరిపోతాయి. మర మీద యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే జిడ్డు) పూయవద్దు. ఈ ప్లగ్గులకు పూత ముందే ఉంటుంది, పైన జిడ్డు చేరితే రెంచ్ అదే అంకె చూపిస్తున్నా మర అంతకు మించి బిగుసుకుపోతుంది. బూటు లోపలి అంచుకు డైఎలక్ట్రిక్ (విద్యుత్తును పోనివ్వని) సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. సముద్రపు తేమకు మన ఊళ్లో అంతకన్నా చవకైన రక్షణ నాకు కనిపించలేదు. ఇంజన్ బేలో ప్రెషర్ వాష్ మాత్రం చేయించకండి.

అన్నీ బిగించాక కోడ్‌లు చెరిపేసి, ఐడ్లింగ్‌లో కాసేపు ఉంచి, ఆ తర్వాత ఆనందపురం వైపు హైవే మీద రద్దీ లేని చోట, వేగ పరిమితి దాటకుండా, మూడో గేరులో పూర్తి లోడు మీద నడిపి చూడండి. మళ్లీ మిస్సింగ్ వచ్చి, కోడ్ అదే సిలిండరు మీద నిలిచిపోతే ఇక ఇగ్నిషన్ భాగాల మీద ఇంకో రూపాయి పెట్టకండి. అప్పుడు చేయించాల్సినవి కంప్రెషన్ పరీక్ష, ఇంజెక్టరు పరీక్ష. టీఎఫ్‌ఎస్‌ఐలో పెట్రోలు నేరుగా సిలిండరులోకే వెళుతుంది కనుక ఇన్‌టేక్ వాల్వులను కడిగేది ఏదీ లేదు. వాటి మీద కార్బన్ పేరుకుని చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు వణుకుతుంటే, దాన్ని ఏ ప్లగ్గూ సరిచేయలేదు.