గ్రూప్ డిస్కషన్‌లోనే మూడుసార్లు పోయింది, తప్పు నాదేనా?

మీరు అడిగింది ఇది: బీటెక్ అయింది, రాత పరీక్ష ప్రతిసారీ గట్టెక్కుతున్నారు, గ్రూప్ డిస్కషన్ దగ్గరే మూడు కంపెనీల్లోనూ ఆగిపోయారు. నోరు తెరిచేలోపే టైమ్ అయిపోతోంది. తప్పు మీదేనా, వచ్చే వారం ఉన్న నాలుగోదానికి వెళ్లాలా మానాలా అని.

వెళ్లండి. ఎందుకో చెప్తాను గానీ, ముందు నా సంగతి చెప్పనివ్వండి. మీ ప్రశ్న చదువుతుంటే 2015లో నేను కూర్చున్న కుర్చీ కళ్లముందు కదిలింది.

మాది నరసరావుపేట. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, తర్వాత బీకాం. నాన్నది కిరాణా కొట్టు. డిగ్రీ చేతికొచ్చాక హైదరాబాద్ వచ్చి ఎస్సార్ నగర్‌లో ఒక హాస్టల్లో చేరాను. రూముకి నలుగురం. మాదాపూర్‌లో ఒక కంపెనీ నుంచి పిలుపొచ్చింది. రాత పరీక్ష దాటాను. తర్వాత 11 మందిమి ఒక గదిలోకి వెళ్లాం. కుర్చీలు సగం చుట్టుగా వేసి ఉన్నాయి. చొక్కాలకు నంబర్ చీటీలు అతికించారు. నాది 7. బోర్డు మీద ఇంగ్లీషులో రాసిన టాపిక్ ఏంటో తెలుసా? ఆన్‌లైన్ షాపింగ్ వచ్చాక కిరాణా కొట్లు నిలబడతాయా అని.

ఆ గదిలో కిరాణా కొట్లో పెరిగినవాణ్ని బహుశా నేనొక్కణ్నే. స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచి మూల పడేసి కాటా దగ్గర నిలబడేవాణ్ని. ఎర్ర అట్ట ఉన్న పొడుగాటి ఖాతా పుస్తకం సగం నా చేతిరాతే. మా దగ్గర ఖాతా ఉన్నవాళ్లలో నెల జీతం వచ్చేవాళ్లు తక్కువ. మిర్చి కోసి, ఎండబెట్టి, గుంటూరు యార్డులో అమ్ముకున్నాక బాకీ కడతారు. లేదంటే పత్తి డబ్బులు వచ్చినప్పుడు. అప్పటిదాకా నూనె, పప్పులు, సబ్బులు అన్నీ అరువే. మిర్చి అమ్ముడయ్యేదాకా ఏ యాప్ ఆగుతుంది? ఇదీ నా పాయింటు. తెలుగులో నాలుక చివర ఉంది.

దాన్ని ఇంగ్లీషులో పేర్చుకోవడం మొదలుపెట్టాను. అరువుకి క్రెడిట్ అంటే క్రెడిట్ కార్డు అనుకుంటారేమోనని ఒక అనుమానం. అది తేల్చుకునేలోపు 4వ నంబర్ డిస్కౌంట్ల గురించి ఎత్తుకున్నాడు. 9వ నంబర్ అందుకుంది. నా వాక్యం తయారయ్యేసరికి చర్చ డెలివరీ బాయ్‌ల ఉద్యోగాల మీదికి పోయింది. ఇప్పుడు అరువు గురించి మాట్లాడితే పొంతన ఉండదేమో అని మింగేశాను. మళ్లీ ఇంకో వాక్యం కట్టుకున్నాను, అదీ అంతే. చివరి నిమిషంలో ఎలాగోలా గొంతు పెగిలి, 4వ నంబర్ చెప్పినదాంతో ఏకీభవిస్తున్నాను అన్నాను. మొత్తం మీద నేను మాట్లాడింది అదొక్కటే.

కాసేపటికి ఒకావిడ కారిడార్‌లోకి వచ్చి ఐదు నంబర్లు చదివి, మిగతావాళ్లు వెళ్లొచ్చు అంది. బస్టాప్‌లో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. "ఏమైందిరా, ఏమడిగారు?" అన్నాడు. ఇంకా ఏం చెప్పలేదు నాన్నా అన్నాను. కిరాణా కొట్టు గురించి అడిగారని, నేను నోరెత్తలేదని ఆయనకు ఎలా చెప్పను? ఆ తర్వాత ఇంకో రెండు కంపెనీల్లోనూ ఇదే తంతు. కాబట్టి మీ బాధ నాకు కొత్త కాదు. పరీక్ష తప్పితే ఫలానా సబ్జెక్టు రాలేదు అనుకుంటాం. ఇక్కడ మాత్రం మనమే పనికిరాం అనిపిస్తుంది. రాత్రి పడుకున్నాక ఆ పన్నెండు నిమిషాలు మళ్లీ మళ్లీ నడుస్తాయి, ఆ నడకలో ప్రతిసారీ మనం చక్కగా మాట్లాడుతుంటాం.

ఇక తప్పు ఎవరిదన్నది. కొంత మనదే, దాన్ని సరిచేసుకోవచ్చు, దాని గురించి కింద రాస్తాను. కానీ ఎక్కువ భాగం ఆ పద్ధతిది. ఇది ఊరికే ఓదార్పుగా అంటున్న మాట కాదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942లో బ్రిటిష్ సైన్యం ఆఫీసర్లను ఎంచుకోవడానికి సెలక్షన్ బోర్డులు పెట్టింది. నాయకుడంటూ లేని గుంపుకు ఒక పని అప్పగించి, ఎవరు ఎలా మసలుతున్నారో పక్కన ఉండి గమనించే పద్ధతికి అక్కడే విల్‌ఫ్రెడ్ బియాన్ అనే మానసిక వైద్యుడు రూపం ఇచ్చాడు. మన సైన్యం ఆఫీసర్లను ఎంచుకునే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, అంటే ఎస్ఎస్‌బీలో ఇప్పటికీ ఆ దారే. మా పెదనాన్న కొడుకు భోపాల్ ఎస్ఎస్‌బీకి వెళ్లొచ్చాడు. ఐదు రోజులు. మొదటి రోజు వడపోత, తర్వాత సైకాలజీ పరీక్షలు, రెండు రోజులు గ్రూప్ టాస్కులు, విడిగా ఇంటర్వ్యూ, ఆఖరి రోజు కాన్ఫరెన్స్. గ్రూప్ డిస్కషన్ అందులో ఒక ముక్క. చర్చలో గొంతు లేవనివాడు, మైదానంలో తాడూ చెక్కలూ ఇచ్చి అడ్డంకి దాటమన్నప్పుడు అందరికీ దారి చూపించొచ్చు. అదీ లెక్కలోకి వస్తుంది. అన్నయ్య సెలెక్ట్ కాలేదు. అయినా ఇంటికొచ్చి, "నన్ను పూర్తిగా చూసే పంపించార్రా" అన్నాడు. నాకు మాదాపూర్‌లో దక్కనిది అదే. స్టేట్ బ్యాంక్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) నియామకంలోనూ గ్రూప్ ఎక్సర్‌సైజుకు 20 మార్కులైతే ఇంటర్వ్యూకు 30, ఆపైన మెయిన్స్ అనే రాత పరీక్ష మార్కులకు 75 శాతం వెయిటేజీ. చాలా ప్రైవేటు కంపెనీలు చేసేదేంటంటే, ఆ మొత్తంలోంచి చర్చ ముక్కను మాత్రం కోసి తెచ్చి, దాంతోనే మనిషిని తేల్చేస్తాయి.

ఇంకోటి. 1987లో మైఖేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు గుంపులో కూర్చుని ఆలోచించేవాళ్ల మీద పరిశోధన చేశారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి కదా, ఆ ఆగడంలోనే ఆలోచనలు చాలా పోతాయని తేల్చారు. చదవగానే ఆ గది గుర్తొచ్చింది. పైగా మనలాంటి తెలుగు మీడియం వాళ్లకు ఆ ఆగడంతో పాటు భాష మార్చుకునే పని కూడా ఉంటుంది.

2019లో నేను ఇదే తంతును అవతలి పక్క నుంచి చూశాను. అప్పటికి ఒక చిన్న గోడౌన్ కంపెనీ అకౌంట్స్‌లో కుదురుకున్నాను, అక్కడ నన్ను తీసుకున్నది విడి ఇంటర్వ్యూతోనే. ఒకసారి కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు మనుషులు చాలక నన్ను ప్యానెల్ పక్కన కూర్చోబెట్టి షీటు నింపమన్నారు. 48 మంది, పన్నెండేసి మంది చొప్పున నాలుగు బ్యాచ్‌లు, బ్యాచ్‌కి 12 నిమిషాలు. అంటే తలా ఒక్క నిమిషం. మధ్యాహ్నం భోజనాలలోపు 48 మందిని 16కి దించాలి. అదొక్కటే మాకు చెప్పిన పని.

షీటులో అడ్డంగా కమ్యూనికేషన్, విషయ పరిజ్ఞానం, చొరవ, రిమార్కులు. నిలువుగా నంబర్లు. నేను తల వంచి ఒకరి గురించి రాస్తుంటే అవతల ఇంకొకరు చెప్పింది సగం వినపడేది కాదు. వినపడనిదానికి మార్కులు ఎక్కడివి? మొదటి బ్యాచ్‌లో అందరికంటే గట్టిగా అరిచిన అబ్బాయిని తీసుకున్నారు. అరిస్తే పోతుందని కోచింగ్ వాళ్లు చెప్తారు గానీ, నేను కళ్లారా చూశాను, ఆ రోజు పోలేదు. మూడో బ్యాచ్‌లో ఒకమ్మాయి సగం టైమ్ దాకా వింటూ కూర్చుని, "వెనక్కి వచ్చిన సరుకు ఖర్చు ఎవరి మీద పడుతుంది?" అని ఒక్క ప్రశ్న వేసింది. గది ఒక్క క్షణం ఆగింది. ప్యానెల్లో ఇద్దరూ ఒకేసారి టిక్కు పెట్టారు.

అదే బ్యాచ్‌లో ఒకబ్బాయి రెండుసార్లు ముందుకు వంగాడు, రెండుసార్లూ వెనక్కి జారగిలబడ్డాడు. రిమార్కుల గడిలో ఏం రాయాలి? "మాట్లాడలేదు" అని రాశాను, నా చేత్తోనే. రాత మార్కులు బాగున్నాయి, విడిగా ఒకసారి పిలుద్దామని అడిగాను. టైమ్ లేదన్నారు. కిందికి దిగితే టీ కొట్టు దగ్గర కనిపించాడు, దేవరకొండ వైపు వాడట. ఏమైంది తమ్ముడూ అంటే, "ఏం చెప్పాలో తెలుసన్నా, ఎక్కడ దూరాలో తెలీలేదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. మాట్లాడలేదు అన్న ఒక్క ముక్కలో ఆ తేడా ఎక్కడ కనపడుతుంది?

కాబట్టి మీ షీటులో రాసింది మీ తెలివి గురించి అనుకోకండి. ఇక ఎక్కడ దూరాలి అన్నది నేర్చుకునే విషయమే. నాకు పనికొచ్చినవి చెప్తాను.

మొదటి రెండు మూడు నిమిషాల్లోనే గొంతు ఒకసారి బయటికి రావాలి. గొప్ప పాయింటు అక్కర్లేదు. ముందు మాట్లాడినవాళ్ల ఆఖరి మాట పట్టుకుని దానికి ఒక ఉదాహరణ కలిపితే చాలు. ఆలస్యమయ్యేకొద్దీ గొంతు బిగుసుకుపోతుంది. మొదటిసారి వచ్చాక రెండోసారి సులువు. మాట్లాడేవాడు ఊపిరి తీసుకునే చోటు కనిపెట్టండి, అక్కడే తలుపు. నంబరో పేరో పిలిచి మొదలుపెడితే వాళ్లు మీవైపు తిరుగుతారు, వాళ్లతో పాటు మిగతావాళ్లూ తిరుగుతారు.

వాక్యం మొత్తం కట్టుకునే దాకా ఆగకండి. నేను చేసిన పెద్ద తప్పు అదే. మూడు మాటల ముక్కలుగా చెప్పినా ప్యానెల్‌కు అర్థమవుతుంది, గ్రామర్‌కు గడి ఏమీ లేదు ఆ షీటులో. అరువు అనే మాటకు ఇంగ్లీషు తట్టకపోతే అరువు అనే అనేసి, మా ఊళ్లో పంట వచ్చాక కడతారు అని వివరించి ఉంటే సరిపోయేది. మీ ఇంటి నుంచి, మీ ఊరి నుంచి తెచ్చిన సంగతి ఆ గదిలో ఇంకెవరి దగ్గరా ఉండదు. మిగతా పదిమందీ అదే పేపర్ చదివి వస్తారు.

మా హాస్టల్లో మేం నలుగురం రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో టైమర్ పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఒక టాపిక్ ముందు తెలుగులో ఐదు నిమిషాలు, వెంటనే అదే టాపిక్ ఇంగ్లీషులో ఐదు నిమిషాలు. తెలుగులో ఒకసారి కొట్లాడాక పాయింట్లు వెతుక్కునే పని ఉండదు, మాటలు వెతుక్కుంటే చాలు. నెల తిరిగేసరికి మార్పు తెలిసింది. దీనికి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డబ్బు కట్టాల్సిన పని లేదు.

ఒక్క దారినే పట్టుకుని ఉండకండి కూడా. గుంపుగా పిలిచే వాక్ఇన్‌లతో పాటు, తెలిసినవాళ్ల రిఫరెన్స్‌తో నేరుగా ఇంటర్వ్యూకి పిలిచే చిన్న కంపెనీలకూ అప్లై చేస్తూ ఉండండి. ఎంబీఏ ఆలోచన ఉంటే, చాలా ఐఐఎంలు గ్రూప్ డిస్కషన్ తీసేసి దాని స్థానంలో రాత పరీక్ష పెట్టుకున్నాయి. రాతలో గట్టిగా ఉన్న మీకు అది కలిసొచ్చే విషయం.

వచ్చే వారానికి ఇంకా రోజులున్నాయి కదా. ఇవాళ రాత్రే రూంలో ముగ్గుర్ని కూర్చోబెట్టండి. టాపిక్ తోచకపోతే నాకొచ్చిన కిరాణా కొట్టు టాపిక్కే పెట్టుకోండి, ముందు తెలుగులో. అరువు సంగతి ఎవరైనా ఎత్తుతారేమో చూడండి. ఎవరూ ఎత్తకపోతే మీరే ఎత్తండి.