దేవుడు ఉన్నాడనడానికి, లేడనడానికి గట్టి వాదనలు ఏవి? మీరు ఎటువైపు?

ప్రశ్న అడిగినవారు కింద ఇంకొంత రాశారు. తాను సైన్స్ విద్యార్థి, నాన్నగారు పెద్ద భక్తులు. "సైన్స్ దేవుడు లేడని ఎప్పుడో తేల్చేసింది" అని ఈయన, "ఇంత సృష్టి దానంతట అదే వచ్చిందా" అని ఆయన. ఇంట్లో తరచూ ఇదే గొడవట. నాకు ఇద్దరి మాటలూ పూర్తిగా ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

నేను నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఐసీయూలో నర్సుని. తత్వశాస్త్రం నా చదువు కాదు. "దేవుడే కాపాడాడు సిస్టర్" అనే మాట, "దేవుడు మాకే ఎందుకు ఇలా చేశాడు సిస్టర్" అనే మాట ఒకే షిఫ్టులో, ఒకే వరండాలో వినే ఉద్యోగం. వినీ వినీ, వీళ్లిద్దరూ అంటున్నది ఒకే దేవుణ్ణేనా అని అనుమానం వచ్చి చదవడం మొదలుపెట్టాను. కాబట్టి నా జవాబులో పుస్తకాల సంగతులూ ఉంటాయి, వార్డు సంగతులూ ఉంటాయి.

ముందు నాన్నగారి వాదన. దాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి, దాని వెనక పెద్ద పెద్ద బుర్రలున్నాయి. పదో శతాబ్దపు నైయాయికుడు (న్యాయం అనే తర్కశాస్త్ర సంప్రదాయానికి చెందినవాడు) ఉదయనుడు ఈ ఒక్క పని కోసమే న్యాయకుసుమాంజలి రాశాడు. ఆయన వాదన స్థూలంగా ఇది: కుండ అనే కార్యానికి కుమ్మరి అనే కర్త ఉన్నట్టే, భూమి, మొలక లాంటివి కూడా కార్యాలే కాబట్టి వాటికీ తెలివైన కర్త ఒకడు ఉండి తీరాలి. 1802లో ఇంగ్లండులో విలియం పేలీ అనే మతాచార్యుడు కుండ స్థానంలో గడియారం పెట్టి దాదాపు ఇదే చెప్పాడు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, ఈ తరహా వాదనకు మంచి జవాబులు కూడా డార్విన్ కంటే చాలా ముందే మన దగ్గర ఉన్నాయి. ఏడో శతాబ్దంలో బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి అడిగాడు: కుండ మట్టితో చేసింది కాబట్టి దానికి కుమ్మరి ఉన్నాడంటే, చీమల పుట్ట కూడా మట్టిదే, దాన్నీ కుమ్మరే చేశాడంటారా? పైకి ఒకలా కనిపించినంత మాత్రాన కారణం ఒకటే అనలేమని ఆయన ఉద్దేశం. మీమాంసకుడు, అంటే వేద కర్మలను సమర్థించే సంప్రదాయంవాడు, కుమారిలభట్టు ఇంకా కొంటెగా అడిగాడు. సృష్టికి ముందు ఏమీ లేనప్పుడు ఆ సృష్టికర్త ఎక్కడ నిలబడి సృష్టించాడు? దయతో సృష్టించాడంటారా, ఎవరి మీద దయ, అప్పటికి జీవులే లేరు కదా? ఇలా అడిగిన కుమారిలుడు మనం ఈరోజు అనే అర్థంలో నాస్తికుడు కాదు, వేదం ప్రమాణమని ప్రాణం పెట్టినవాడు. వేదాన్ని నమ్ముతూ సృష్టికర్తను ఒప్పుకోనివాళ్లు ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు. మీ నాన్నగారికీ చెప్పి చూడండి, కనీసం గొడవ కొత్త దారి పడుతుంది.

1859లో డార్విన్ పుస్తకం వచ్చాక పేలీ గడియారం సంగతి దాదాపు తేలిపోయింది. కన్ను లాంటి క్లిష్టమైన అవయవం కూడా చిన్న చిన్న మార్పులు పోగుపడి, పనికొచ్చింది నిలిచి, తయారవగలదని తెలిసింది. అయితే అక్కడితో కథ అయిపోలేదు. జీవులు ఎలా మారాయో డార్విన్ చెప్పాడు. అసలు విశ్వం అంటూ ఎందుకు ఉంది, ఏమీ లేకుండా ఉండొచ్చు కదా అన్న ప్రశ్నను పరిణామ సిద్ధాంతం ముట్టుకోదు. విశ్వం ఒక మహావిస్ఫోటంతో మొదలైందనే బిగ్ బ్యాంగ్ వాదానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన జార్జ్ లెమైత్ర్ స్వయంగా క్యాథలిక్ ఫాదర్. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యం అన్నట్టు మాట్లాడితే లెమైత్ర్‌కు అది నచ్చలేదు. ఆయన తన భౌతికశాస్త్రాన్నీ తన విశ్వాసాన్నీ వేరువేరుగా ఉంచుకున్న మనిషి. ఇక భౌతిక స్థిరాంకాలు, అంటే గురుత్వ బలం లాంటి ప్రకృతిలోని మారని విలువలు, కొంచెం అటూ ఇటూ అయితే నక్షత్రాలే ఏర్పడేవి కావు, ఇంత సరిగ్గా ఎలా కుదిరాయి అనే వాదన ఉంది. నా దృష్టిలో ఈరోజు ఆస్తికుల చేతిలో ఉన్నవాటిలో గట్టిది ఇదే. లెక్కలేనన్ని విశ్వాలు ఉండి, మనం బతకగలిగిన దాంట్లో మనం ఉన్నామేమో అని దానికి జవాబు చెబుతారు. నిజం చెప్పాలంటే ఆ విశ్వాలను కూడా ఎవరూ చూడలేదు. కాబట్టి "సైన్స్ తేల్చేసింది" అనే మాట మీరు వెనక్కి తీసుకోవాల్సిందే.

అత్యున్నతుడు అన్న భావనలోనే ఉనికి కూడా ఉంది కాబట్టి దేవుడు ఉన్నాడు అని పదకొండో శతాబ్దంలో ఆన్‌సెల్మ్ అనే క్రైస్తవ మతాచార్యుడు చేసిన వాదన ఒకటుంది. ఎన్నిసార్లు చదివినా నాకది మాటల గారడీలాగే అనిపిస్తుంది. వదిలేస్తున్నాను. ఫ్రెంచ్ ఆలోచనాపరుడు పాస్కల్ చెప్పిన పందెం కూడా అంతే. నమ్మితే పోయేదేముంది అంటాడు. ఏ మతం దేవుణ్ణి నమ్మి పందెం కాయాలో చెప్పడు.

ఇప్పుడు అసలు సంగతి. పై వాదనలన్నీ గెలిచాయనే అనుకుందాం. ఏం తేలింది? విశ్వానికి ఒక మొదటి కారణం ఉంది, దానికి తెలివి ఉంది. అంతే. అది మనల్ని ఎరుగునా, మన మొర వింటుందా, ఇంక్యుబేటర్‌లో ఉన్న తొమ్మిది వందల గ్రాముల బిడ్డ దానికి ముఖ్యమా? ఈ వాదనల్లో ఒక్కటి కూడా వీటికి బదులు చెప్పదు. ఐసీయూ అద్దం బయట నిలబడిన తండ్రి స్థిరాంకాలను సరిచేసిన శక్తిని తలుచుకోవడం లేదు. తన బిడ్డను చూస్తున్న ఒకరిని తలుచుకుంటున్నాడు. ఆస్తికుల వాదనలు ఒక దేవుణ్ణి రుజువు చేస్తాయి, మనుషులు దండం పెట్టేది ఇంకో దేవుడికి. ఆ రెండూ ఒకటేనని చూపించే వాదన నాకు ఎక్కడా దొరకలేదు.

నాస్తికుల వైపు నుంచి వచ్చే అతి పెద్ద వాదన మాత్రం సరిగ్గా ఈ రెండో దేవుడికే తగులుతుంది. దేవుడు సర్వశక్తిమంతుడు, దయామయుడు అయితే ఇంత బాధ ఎందుకు? 1755 నవంబర్ 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చినప్పుడు అది క్రైస్తవులకు పండగ రోజు, చర్చిలు నిండుగా ఉన్నాయి. ప్రార్థనలో ఉన్నవాళ్ల మీదే కప్పులు కూలాయి. యూరప్ ఆలోచనాపరులను ఆ ఘటన చాలా ఏళ్లు నిద్రపోనివ్వలేదు.

దీనికి ఆస్తికులు చెప్పే జవాబుల్లో మొదటిది స్వేచ్ఛ. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, చెడు మనిషి చేస్తున్నాడు అంటారు. యుద్ధాలకు, హత్యలకు సరిపోవచ్చు. భూకంపానికి సరిపోదు, నా వార్డుకు అసలే సరిపోదు. ఇరవై ఆరు వారాలకే పుట్టిన బిడ్డ ఊపిరితిత్తులు విచ్చుకోకపోవడంలో ఎవరి స్వేచ్ఛ ఉంది? రెండోది, కష్టం మనిషిని రాటుదేలుస్తుంది అనేది. తల్లిదండ్రుల విషయంలో కొంతవరకు నిజం, నేను కళ్లారా చూశాను. కానీ మూడో రోజునే పోయిన బిడ్డ ఏం రాటుదేలింది? తల్లిదండ్రులకు పాఠం చెప్పడానికి బిడ్డను పనిముట్టుగా వాడాడంటే, అలాంటి టీచర్ని మనం స్కూల్లో ఉంచుతామా?

మూడోది కర్మ. తర్కం పరంగా చూస్తే అన్నిటికంటే పొందికైన జవాబు ఇదేనని నా అభిప్రాయం. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లోనే ఈ ప్రశ్న ఉంది. దేవుడికి పక్షపాతం, క్రూరత్వం అంటగట్టలేమని, ఆయన ఫలం ఇచ్చేది జీవుల కర్మను బట్టేనని అక్కడ జవాబు చెప్పారు. శంకరులు భాష్యంలో వానతో పోల్చారు. వాన అందరికీ ఒకటే, ఏ గింజ ఏ మొక్క అవుతుందన్నది గింజను బట్టి ఉంటుందని. బాగుంది. కానీ అన్నీ కర్మను బట్టే జరిగితే మధ్యలో దేవుడి పనేమిటి? మీమాంసకులు ఆ మాటే పట్టుకుని, కర్మ తనంతట తానే ఫలమిస్తుంది, పంచిపెట్టేవాడు అక్కర్లేదన్నారు. ఇంకో ఇబ్బంది తర్కానిది కాదు. "పోయిన జన్మలో ఏం చేసుకుందో" అని ఒక పెద్దావిడ బాలింత వినేలా అనడం నేను విన్నాను. ఆ తల్లి ముఖం చూశాక, ఈ జవాబు ఎంత పొందికగా ఉన్నా నా నోటితో ఎవరికీ చెప్పలేనని తేలిపోయింది.

నన్ను నమ్మకం నుంచి బయటికి తెచ్చింది మాత్రం ఏ తాత్వికుడూ కాదు, నా వృత్తి చరిత్రే. నెలలు నిండని పిల్లల్లో చాలామందికి ఊపిరితిత్తుల లోపల సర్ఫాక్టెంట్ అనే జారుడు పదార్థం సరిపడా ఉండదు. అది లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ గాలి గదులు ముడుచుకుపోతాయి. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి అయిదున్నర వారాలు ముందుగా కొడుకు పుట్టాడు. బరువు రెండు కిలోల పైనే. ఇప్పుడు మా దగ్గరికి అలాంటి బిడ్డ వస్తే మేం పెద్దగా కంగారు పడం. ఆ బిడ్డ 39 గంటలు బతికాడు. ఆ కుటుంబం భక్తి గల క్యాథలిక్ కుటుంబం, డబ్బుకు, డాక్టర్లకు కొదవలేదు. జబ్బుకు కారణం సర్ఫాక్టెంట్ లోపమని మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ 1959లోనే చూపించారు, మందు ఇంకా లేదు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన పదార్థాన్ని పిల్లలకు ఇచ్చి ఫలితం చూపింది. అది మామూలు వైద్యం అయ్యాక ఈ జబ్బుతో పోయే పిల్లలు బాగా తగ్గిపోయారు.

1980కి ముందు తల్లులు తక్కువ ఏడ్చారా? తక్కువ మొక్కుకున్నారా? "డాక్టర్ చేతుల ద్వారా దేవుడే పనిచేశాడు" అంటే, ఆ చేతులు అంతవరకు ఎందుకు ఆగాయి?

ప్రార్థన మీద అధ్యయనం కూడా జరిగింది. 2006లో ఫలితాలు వచ్చాయి. అమెరికాలో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. తమ కోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతానికి, జరగనివారిలో 51 శాతానికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. మీ కోసం ప్రార్థిస్తున్నాం అని ముందే చెప్పిన గుంపులో 59 శాతం. బహుశా టెన్షన్ పెరిగిందేమో! దీంతో దేవుడు లేడని తేలిపోదు. పరీక్ష పెట్టిన చోట దేవుడు పలకాలనేముంది అని భక్తులు అంటే కాదనలేను. కానీ అలా అన్నవాళ్లు, బిడ్డ కోలుకున్నప్పుడు దాన్ని రుజువుగా చూపించకూడదు మరి.

మా నాస్తికుల వైపు నాసిరకం వాదనలు లేవా అంటే బోలెడు. "కనిపించడు కాబట్టి లేడు" అనేది వాటిలో అధమం. "భయం వల్ల పుట్టిన నమ్మకం కాబట్టి అబద్ధం" అనేదీ అంతే. నమ్మకం ఎలా పుట్టిందన్నది వేరు, అది నిజమా కాదా అన్నది వేరు. మతం పేరుతో జరిగిన హింసను ఏకరువు పెట్టడం కూడా మతసంస్థల మీద ఆరోపణే తప్ప దేవుడి ఉనికి మీద వాదన కాదు.

మా యూనిట్‌లో ఒక సీనియర్ అక్క ఉన్నారు. డ్యూటీ ఎక్కే ముందు కళ్లు మూసుకుని ఒక్క నిమిషం నిలబడతారు. ఏం కోరుకుంటారని ఒకసారి అడిగాను. "పిల్లలు బతకాలని అడగనే. ఎవరు పోతారో మనకు తెలుసుగా. నా చెయ్యి వణక్కుండా ఉంటే చాలని అడుగుతా" అన్నారు. వెంట్రుకంత సన్నటి నరానికి సూది పెట్టాల్సి వచ్చినప్పుడు అందరూ పిలిచేది ఆవిణ్ణే. పైన చెప్పిన వాదనలన్నీ ఆవిడకు తెలుసు, నేనే చెప్పాను. విని, "నిజమేనే" అని, మర్నాడు మళ్లీ కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఆవిడ దేవుడు దేనికీ కారణంగా చెప్పే దేవుడు కాదు, అందుకే నా వాదనలకు అందడు. అలాగని అది ఉనికికి రుజువూ కాదు. వేరే మతం నర్సు వేరే పేరు తలుచుకున్నా చెయ్యి అలాగే నిలకడగా ఉంటుంది, ఎవర్నీ తలుచుకోకుండా పనిచేసే నా చెయ్యీ పెద్దగా వణకదు.

ఎటువైపు అని అడిగారు కదా. విశ్వం వెనక ఏదైనా తెలివి ఉందా అంటే నాకు తెలియదు, ఉందన్నా లేదన్నా గట్టిగా వాదించను. మనల్ని ఒక్కొక్కరిని చూసుకుంటూ, అడిగితే అడ్డుపడి కాపాడేవాడు ఉన్నాడా అంటే, లేడనే అనుకుంటున్నాను. మీరు, నాన్నగారు వాదించుకోవాల్సింది ఈ రెండో దాని గురించి. సృష్టి గురించి ఎంతసేపు కొట్టుకున్నా ఆయన భక్తికి దాంతో సంబంధం ఉండదు, మీ అవిశ్వాసానికీ ఉండదు.

భక్తులెవరైనా ఇది చదివితే ఆ 1963, 1980 ప్రశ్నకు సూటిగా జవాబు రాయండి. "ఆయన లీల మనకు అర్థం కాదు" అనే జవాబు నాకు ముందే తెలుసు, అది కాకుండా.