వెన్నెలంటే నీలిమందు కాదు

పగలు తీసిన సముద్రం ఫొటో వెన్నెల రాత్రిలా కనిపించాలంటే ఎంత నీలం కలపాలని అడిగారు. ముందు ఎడిటింగ్ యాప్‌లో రంగు పెంచే, తగ్గించే ఆ నీలం స్లైడర్ మీద నుంచి చెయ్యి తీయండి. చూడాల్సింది వెలుగు ఏ వైపు నుంచి వస్తోందన్నది. ఈ సంగతి నాకు మా అమ్మ నేర్పింది. ఆవిడ జన్మలో కెమెరా పట్టుకోలేదు.

ఒకసారి ఇసుక మీద బోర్లించిన పడవను మధ్యాహ్నం నాలుగింటికి ఫొటో తీశాను. సూర్యుడు ఫ్రేముకి కుడివైపు, కాస్త బయట ఉన్నాడు. దాన్ని రాత్రిగా మార్చడానికి రెండు రాత్రులు కూర్చున్నాను. ఎక్స్‌పోజర్ మూడు స్టాపులు దించాను, అంటే వెలుగుని ఎనిమిదో వంతుకి తగ్గించాను, వైట్ బ్యాలెన్స్‌తో ఫొటో మొత్తం రంగు ఛాయని నీలం వైపు లాగాను, ఎడమవైపు ఆకాశం ఖాళీగా ఉందని అక్కడ ఒక పున్నమి చంద్రుణ్ణి అతికించాను. మురిసిపోతూ అమ్మకి చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఒక్క నిమిషం చూసింది. "చంద్రుడు ఎడమవైపున్నాడు కదరా, మరి పడవ నీడ కూడా అటే పడిందేమిటి? నీళ్ల మీద తళుకు చూస్తే కుడివైపుంది. వీళ్లిద్దరికీ మాటల్లేవా?" అంది. అంతే, రెండు రాత్రుల శ్రమ గంగలో కలిసింది.

నీళ్ల మీద తళుకు ఎప్పుడూ వెలుగు ఉన్న దిక్కు నుంచి మన కాళ్ల దాకా దారిలా పరుచుకుంటుంది. అందుకే సూర్యుడికి ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలే ఈ పనికి పనికొస్తాయి. ఎండ మన వీపున పడుతుండగా తీసిన ఫొటోని ఎంత చీకటి చేసినా అది మబ్బు పట్టిన సాయంత్రంలా ఉంటుందే తప్ప వెన్నెలనిపించదు. ఇదేమీ కొత్త కిటుకు కాదు. 1856లో గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ సముద్రంలో ఉన్న ఓడను పగటి వెలుగులోనే తీస్తే, ప్రింటు చీకటిగా ఉండటంతో చాలామంది దాన్ని వెన్నెల ఫొటో అనుకున్నారు. ఆయన దగ్గర నీలం స్లైడర్ లేదు, రంగే లేదు.

అసలు వెన్నెల నీలంగా ఉండదు. అది ఎండే, చంద్రుడి మీద పడి తిరిగొచ్చేసరికి ఇంకాస్త పసుపెక్కుతుంది కూడా. పున్నమి వెలుగు ఎండలో సుమారు 4 లక్షలో వంతు. అంత మసకలో మన కంటికి రంగులు అందవు, ముందుగా ఎరుపు నల్లబడుతుంది. కాబట్టి మొదట ఎరుపు, నారింజ రంగుల వెలుగు తగ్గించండి. తర్వాత మొత్తం రంగులు సగానికి పైగా తీసేయండి. నీలం ఆఖర్న, చిటికెడు చాలు. తళుకు మాత్రం తెల్లగా వదిలేయండి, దాన్ని కూడా ముంచేస్తే ఫొటో చచ్చిపోతుంది.

ఇక రెడీమేడ్ ఫిల్టర్ల వాళ్లతో నాకు పాత తగాదా ఉంది. పళ్లెమంత చంద్రుణ్ణి తెచ్చి పెడతారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో, విశాలంగా చూపే 24 ఎంఎం లెన్సుతో తీసిన 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో నిజమైన చంద్రుడు సుమారు 36 పిక్సెళ్లే ఉంటాడు. పైగా పున్నమి చంద్రుడి పక్కనే పాలపుంత! ఆ వెలుగుకి చిన్న నక్షత్రాలే కనిపించవు, ఇక పాలపుంత ఎక్కడి నుంచి వస్తుంది? నెలవంకను పెట్టి సముద్రమంతా మెరిపించే వాళ్ల గురించి రాయడం మొదలుపెడితే ఈ జవాబు తెల్లారేదాకా సాగుతుంది.

ఆ పడవ ఫొటోని మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈసారి చంద్రుణ్ణి పెట్టనే లేదు. ఆకాశాన్ని నీళ్లకంటే చీకటి చేసి, కుడి అంచున మాత్రం కొంచెం వెలుగు ఉంచాను. అమ్మ చూసి, "చంద్రుడు ఈ పక్కనే ఎక్కడో ఉన్నాడు" అని ఫ్రేము బయట, కుడివైపు గోడ మీద వేలు పెట్టింది. కెరటం నురగ చుక్కలు మాత్రం గాలిలో గడ్డకట్టినట్టు నిలబడి ఉన్నాయి. నిజంగా రాత్రి తీసి ఉంటే షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచాలి కాబట్టి అవి పొగలా చెదిరిపోయేవి. ఆ సంగతి అమ్మ కనిపెట్టలేదు, నేనూ చెప్పలేదు.