డెంగీ తగ్గింది, మారథాన్‌కు ఆరు వారాలే ఉంది

ప్రశ్న: నా వయసు 43 సంవత్సరాలు. నిరుడు హాఫ్ మారథాన్ (సుమారు 21 కిలోమీటర్లు) పూర్తిచేసిన ధైర్యంతో ఈసారి విశాఖ నేవీ మారథాన్‌లో ఫుల్‌కు పేరు నమోదు చేసుకున్నాను. వారాంతపు పరుగు 24 కిలోమీటర్లకు చేరిన దశలో ఎడమ మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి పెట్టింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నాలుగు వారాలు ఆపి తిరిగి మొదలుపెట్టేసరికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి చేరి రెండు వారాలైంది. ఇంకా ఆరు వారాల గడువుంది. తప్పిపోయిన పరుగులను శని, ఆదివారాల్లో కలిపి పూర్తిచేస్తే సిద్ధం కాగలనా? ఇంట్లో వద్దంటున్నారు.
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఈసారి ఫుల్ మారథాన్, అంటే 42.195 కిలోమీటర్లు, వద్దు. నెలల తరబడి తెల్లవారుజామునే లేచి శ్రమించిన వారికి ఈ మాట ఎంత కష్టంగా ఉంటుందో తెలిసే చెబుతున్నాను. తప్పిపోయిన పరుగులను బాకీలా తీర్చాలన్న ఆలోచనను మాత్రం ఈ రోజే వదిలేయండి, ఎందుకంటే మిమ్మల్ని మళ్లీ మంచం ఎక్కించగలిగేది అదే.

పరుగు ఆపిన రెండు మూడు వారాల్లోనే ఊపిరి సత్తువ తగ్గడం మొదలవుతుంది. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా తగ్గడం ఇందుకు ఒక ముఖ్య కారణం కనుక, తిరిగి మొదలుపెట్టాక ఆ సత్తువ త్వరగానే వస్తుంది. ఎముక తీరు వేరు. ఒత్తిడికి గురైన చోట శరీరం పాత ఎముకను ముందు కరిగించి, ఆ తర్వాతే కొత్తదాన్ని పేరుస్తుంది. ఇందుకు నెలలు పడుతుంది, ఈలోగా ఆ భాగం బలహీనంగానే ఉంటుంది. ఆయాసం రావడం లేదు కదా అని దూరం పెంచేవారికి పాత నొప్పి తిరగబెట్టడానికి కారణం ఇదే. పైగా స్ట్రెస్ ఫ్రాక్చర్ అనే సన్నని చీలిక తొలి వారాల ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు. ఎముకను వేలితో నొక్కినప్పుడు ఒకేచోట సూదిలా నొప్పి పుడుతున్నా, ఆ కాలిమీద గెంతలేకపోతున్నా పరుగు జోలికి వెళ్లకుండా ఎముకల వైద్యుడిని కలిసి, ఎమ్మారై అవసరమేమో అడగండి.

ఇక డెంగీ సంగతి. ప్లేట్‌లెట్లు పెరిగినంత మాత్రాన కోలుకున్నట్టు కాదు. నీరసం వారాల తరబడి ఉండవచ్చు, అరుదుగా గుండె కండరానికీ వాపు రావచ్చు. మెట్లెక్కితే గుండె దడదడలాడడం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, వీటిలో ఏది ఉన్నా ఈసీజీ తీయించుకుని వైద్యుడు సరేనన్నాకే బూట్లు కట్టుకోండి. రోజూ నిద్రలేవగానే నాడి లెక్కించి రాసుకోండి. మీకు మామూలుగా ఉండే సంఖ్య కంటే స్పష్టంగా ఎక్కువగా ఉన్న రోజు విశ్రాంతి దినమే.

పైవేవీ లేకపోతే ముందు అరగంట వేగంగా నడవండి. నడిచేటప్పుడు గాని, మర్నాడు ఉదయం గాని నొప్పి లేకపోతే రోజు విడిచి రోజు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టండి. తెల్లవారుజామున వాహనాలను అనుమతించని ఆర్కే బీచ్ రోడ్డు ఇందుకు బాగుంటుంది. మెత్తగా ఉంటుందని ఇసుకలోకి దిగవద్దు. పొడి ఇసుక పిక్కలను లాగేస్తుంది, అలల అంచున తడి ఇసుక ఒక పక్కకు వాలి ఉండడం వల్ల రెండు కాళ్లమీద భారం సమానంగా పడదు. తెన్నేటి పార్కు దాటి రుషికొండ వైపు వచ్చే ఎత్తుపల్లాలను చివరి వారాలకు వాయిదా వేయండి, అక్కడ ఎక్కడంకన్నా దిగడమే ఎముకకు పెద్ద పరీక్ష. బరువు తగ్గాలని ఈ ఆరు వారాల్లో తిండి తగ్గించవద్దు, చాలినంత తినని పరుగరికి ఎముక మానదు.

పోటీకి రెండు వారాల ముందు నడక కలిపిన పరుగుతో 14, 15 కిలోమీటర్లు హాయిగా పూర్తయి, మర్నాడు ఎముకలో నొప్పి లేకపోతే హాఫ్‌లో అదే పద్ధతిలో పాల్గొనండి. లేకపోతే 10 కిలోమీటర్లు చాలు. దూరం మార్చుకునే వీలుందేమో నిర్వాహకులను వెంటనే అడగండి. వీలు లేకపోతే కట్టిన రుసుము పోయిందనుకోవడమే మేలు. ఆ రోజు నొప్పి తగ్గించుకోవడానికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వేసుకోవద్దు. అవి ఎముక చేసే హెచ్చరికను కప్పిపుచ్చుతాయి, విశాఖ ఉక్కలో చెమటోడి శరీరంలో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. అలాగని దాహం లేకున్నా బలవంతంగా నీళ్లు తాగడమూ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

ఇంట్లోవారికి ఈ జవాబు చూపించండి. వారు వద్దంటున్నది పరుగునా, ఫుల్ మారథాన్‌నా అన్నది అడిగి తెలుసుకోండి. రెండోదైతే నేనూ వారి పక్షమే. ఫుల్ కోరిక తీర్చుకోవడానికి ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌ను ఎంచుకోవద్దని నా సలహా, ఎందుకంటే దానికోసం ఏప్రిల్, మే, జూన్ నెలల ఉక్కపోతలోనే దూరం పెంచాల్సి వస్తుంది. వేసవిలో తక్కువ దూరాలతో, కాళ్లకు బలమిచ్చే వ్యాయామాలతో సరిపెట్టి, వానలు పడ్డాక దూరం పెంచుకుంటూ వచ్చే ఏడాది విశాఖలోనే ప్రయత్నించండి.