పేరులేని సీసా మందుతో చేపలన్నీ చచ్చిపోతే కేసు ఎవరి మీద?

ప్రశ్న: మాది విజయవాడ, మొగల్రాజపురం. ఇంట్లో ఉప్పునీటి రీఫ్ ట్యాంక్ (కోరల్స్, అంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే అక్వేరియం) ఉంది. 2024 ఆగస్టులో చెన్నైలోని ఒక షాపు నుంచి జోయాంథిడ్, మష్రూమ్ కోరల్ ముక్కలు బస్సు పార్సిల్‌లో తెప్పించాను. సెప్టెంబరులో ఊళ్లోనే ఇంకొకరి దగ్గర మరో రెండు ముక్కలు కొన్నాను. అక్టోబరుకల్లా తుప్పురంగు ఫ్లాట్‌వార్మ్‌లు (బల్లపరుపు పురుగులు) అద్దాల మీద, కోరల్స్ మీద దట్టంగా పాకేశాయి. చెన్నై షాపతన్ని నిలదీస్తే యూపీఐలో 600 రూపాయలు తీసుకుని, లేబుల్ లేని చిన్న సీసా పంపాడు. ‘ట్యాంక్‌లో పోసేయండి సార్, చేపలకేం కాదు’ అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. నవంబరు 9 రాత్రి సగం సీసా పోశాను. తెల్లారేసరికి క్లౌన్ ఫిష్ జంట, ఎల్లో ట్యాంగ్‌తో సహా చేపలన్నీ చచ్చిపోయాయి. వాటిని పారేసి, నీళ్లు పారబోశాను. మా అమ్మాయి రెండు రోజులు అన్నం ముట్టలేదు. పురుగులున్న సరుకు అంటగట్టినందుకు చీటింగ్ కేసు పెట్టవచ్చా? రెండు అక్రోపోరా కోరల్స్ కూడా పోయాయని రాస్తే నష్టం పెద్దదిగా కనిపిస్తుందని, పాత తేదీతో బిల్లు ఇప్పిస్తానని ఒక మిత్రుడు అంటున్నాడు. (పేరు ప్రచురించవద్దన్నారు)

జవాబు: మీరు పురుగుల గురించే ఎక్కువ బాధపడ్డారు. పురుగుల మీద పోరాడితే మీ కేసు నిలవదు. అవి చెన్నై పార్సిల్‌లోనే వచ్చాయని ఎలా రుజువు చేస్తారు? సెప్టెంబరులో ఇంకో చోట కొన్నానని మీరే రాశారు. అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే. కొత్త ముక్కల్ని వేరే తొట్టిలో కొన్నాళ్లు ఉంచి, డిప్ చేసి (పురుగులు రాలిపోయే మందునీటిలో ముంచి) చూసుకున్నారా అన్నది రెండోది. రెంటికీ మీ దగ్గర జవాబు లేదు.

మీ కేసంతా ఆ సీసాలో ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 86 చదవండి. సరుకు తయారుచేసింది ఎవరో తెలియనప్పుడు దానివల్ల జరిగిన హానికి అమ్మినవాడే బాధ్యుడు. తయారీదారుతో సంబంధం లేకుండా తానే హామీ ఇచ్చి, సరుకు ఆ హామీకి తగ్గట్టు లేకపోయినా బాధ్యుడే. లేబుల్ లేని సీసా మొదటిదానికి, ‘చేపలకేం కాదు’ అన్న మాట రెండోదానికి సరిపోతాయి. సీసా ఖరీదు 600 కదా అని చిన్నచూపు చూడకండి. ఈ సెక్షన్ కింద అడిగేది సీసా ఖరీదు కాదు, దానివల్ల మీ ఇతర ఆస్తికి, అంటే చేపలకు, జరిగిన నష్టం.

‘మోతాదు మించి పోశాడు’ అని అతను కచ్చితంగా అంటాడు. ఈ తుప్పురంగు పురుగుల ఒంట్లో విషం ఉంటుంది. ఒకేసారి గుంపులుగా చస్తే అదంతా నీళ్లలోకి దిగుతుంది. అందుకే ముందు సన్న ట్యూబుతో వీలైనన్ని పురుగుల్ని లాగేసి, ఆ తర్వాతే కొలత ప్రకారం మందు వేసి, విషాన్ని పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, వెంటనే నీళ్లు మార్చాలి. ఈ జాగ్రత్తలు సీసా మీద ఉండాలి, లేదా అమ్మినవాడు చెప్పాలి. మీకు చెప్పింది ‘పోసేయండి’ అని మాత్రమే. అతని మాటే అతనికి ఎదురు సాక్ష్యం.

చచ్చిన చేపల్ని పారేశారు, నీళ్లు పారబోశారు, ఒక్క ఫొటో అయినా తీసినట్టు రాయలేదు. టెన్షన్‌లో తోచలేదంటే వినియోగదారుల కమిషన్ ఊరుకోదు. మిగిలిన సగం సీసా అయినా ఉంది కదా, దాని మూత మళ్లీ తీయకండి. కవర్లో పెట్టి, అతికించి, మీద తేదీ వేసి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. దాన్ని ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. వాయిస్ మెసేజ్ వచ్చిన ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. ఆ మెసేజ్‌ను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. యూపీఐ స్టేట్‌మెంట్, బస్సు పార్సిల్ రసీదు, చేపలు కొన్న బిల్లులు ఒక చోట పెట్టండి.

ఇక మీ మిత్రుడి సలహా. అక్రోపోరా రాతికోరల్ జాతి. రీఫ్ కట్టే ఆ వర్గమంతా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ ఒకటిలో ఉంది. షెడ్యూల్ ఒకటి ప్రాణి విషయంలో నేరానికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. లేని అక్రోపోరాను ఉందని అఫిడవిట్‌లో ప్రమాణం చేస్తే మీ సంతకంతోనే అటవీ శాఖకు ఫిర్యాదు రాసిచ్చినట్టు. పాత తేదీ బిల్లు ఫోర్జరీ కేసు దాకా పోతుంది. ఆ మిత్రుడితో ఈ కేసు గురించి ఇక మాట్లాడకండి.

చీటింగ్ కేసు కుదరదు. అమ్మే నాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి, మీ దగ్గర అందుకు ఆధారం లేదు.

గడువు విషయం జాగ్రత్తగా వినండి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. సీసా మందు వల్ల నష్టానికి లెక్క 2024 నవంబరు నుంచి మొదలవుతుంది. పురుగుల కథను ఆధారం చేసుకుంటే గడువు ఆగస్టు నుంచే లెక్కకు వచ్చి మూడు నెలలు ముందే ముగుస్తుంది. నోటీసులు, జవాబులు నడుస్తున్నాయి కదా అని కూర్చుంటే గడువు పెరగదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, కానీ ‘బాధలో ఉన్నాను’ అన్నది కారణం కాదు.

రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి 15 రోజులు చూడండి. స్పందన లేకపోతే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. చెన్నై వెళ్లనక్కర్లేదు, ఫిర్యాదుదారు నివసించే చోట వేసుకునే హక్కు 2019 చట్టం ఇచ్చింది. కొన్న విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. చేపల ఖరీదు బిల్లుల మేరకే అడిగి, మానసిక క్షోభకు విడిగా కోరండి. ఒక్కటి మాత్రం ముందే నాకు చెప్పండి: మీరెప్పుడైనా కోరల్ ముక్కలు ఎవరికైనా అమ్మారా? అమ్మి ఉంటే ‘ఈయన వినియోగదారుడు కాదు, వ్యాపారి’ అని వాళ్లు వాదిస్తారు. దానికి జవాబు ఫిర్యాదులోనే రాసుకోవాలి.