జుమ్మేరాత్ బజార్‌లో నిజాం వెండి రూపాయి అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర గురువారాలు జరిగే జుమ్మేరాత్ బజార్‌కి వెళ్తే జేబులో రెండు వస్తువులు పెట్టుకోండి: చిన్న డిజిటల్ కాటా, అయస్కాంతం.

చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి దాదాపు 11.18 గ్రాములు తూగాలి. అరిగితే కాస్త తగ్గొచ్చు, గ్రాము తేడా వస్తే మాత్రం వదిలేయండి. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు. అతుక్కోకపోయినా వెండే అని చెప్పలేం, రాగి కలిసిన లోహాలూ అతుక్కోవు. తర్వాత అంచు చూడండి. చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తే అచ్చులో పోసిన నకిలీ. చార్మినార్ ద్వారం మధ్యలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది: మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణెమైతే ‘ఐన్’, ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్‌దైతే ‘మీమ్’. నకిలీల్లో ఈ అక్షరం తరచుగా ముద్దగా ఉంటుంది.

రాముడి పట్టాభిషేకం బొమ్మతో, 1818 అని ఉన్న ‘ఈస్టిండియా కంపెనీ’ నాణెం చూపించి లక్షలు చెబితే నవ్వి ముందుకు నడవండి. కంపెనీ అలాంటి నాణేలు వేయనే లేదు.

కొన్నాక చింతపండుతో తోమకండి! పాత వెండి మీద ఉండే నల్లటి పొర పోతే నాణేలు సేకరించేవాళ్లు ఇచ్చే ధర కూడా పడిపోతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట: వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, సూట్‌కేసులో వేసుకుని పట్టుకెళ్లకూడదు.